కొమ్ముల జింకా, ఆడ జింకా? అమెరికా అడవుల్లో తెగని వేట లెక్క

అమెరికాలో తెల్లతోక జింకను వేటాడేవాళ్ల మధ్య వందేళ్లకు పైగా నలుగుతున్న తగవు ఒకటుంది. కొమ్ములున్న మగ జింకను మాత్రమే కాల్చాలా, ఆడ జింకను కూడా కాల్చాలా అన్నదే ఆ తగవు. బయటివాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ లాంటి రాష్ట్రాల్లో దీని మీద సభలు రచ్చకెక్కాయి, పేరున్న శాస్త్రవేత్త విసిగి ఉద్యోగం వదిలేశాడు, చట్టసభలే కలగజేసుకుని నిబంధనలు మార్చాయి. అక్కడి అడవిలో ఏ చెట్టు మొలుస్తుందో, ఏ పువ్వు కనబడకుండా పోతుందో కూడా ఈ ప్రశ్నకు ఏటా చెప్పుకునే జవాబు మీదే ఆధారపడి ఉంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను చంపడం నేరం. అందుకని ఈ ప్రశ్న తెలుగు రాష్ట్రాల్లో ఎవరికీ ఎదురుకాదు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియాల్లో ఇళ్లు కట్టుకున్న తెలుగువాళ్లకు మాత్రం ఈ జింకలు బాగా పరిచయం. పెరట్లో వేసిన చిక్కుడు తీగ రాత్రికి రాత్రి మోడైపోవడం, ఆఫీసు నుంచి చీకట్లో వస్తుంటే కారుకు అడ్డంగా జింక దూకడం అక్కడ మామూలే. దేశం మొత్తం మీద జింకలను గుద్దుకునే వాహనాలు ఏటా పది లక్షలకు పైనే ఉంటాయని ఇన్సూరెన్స్ కంపెనీల అంచనా. ఇన్ని జింకలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది తెలియాలంటే కథ 1900 నుంచి మొదలుపెట్టాలి.

అప్పటికి తెల్లతోక జింక అమెరికాలో దాదాపు అంతరించే స్థితికి చేరింది. దేశం మొత్తం మీద 5 లక్షలకు మించి లేవని అంచనా. పెద్ద అడవులు నరికేశారు. మాంసం కోసం, తోలు కోసం ఏడాది పొడవునా కాల్చి రైళ్లలో పట్టణాలకు పంపి అమ్మారు. ఆడదా మగదా, చూలుతో ఉందా, పిల్లతల్లా అని చూసినవాళ్లు లేరు. 1900లో వచ్చిన లేసీ చట్టం అక్రమంగా చంపిన జంతువులను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తరలించి అమ్మడాన్ని ఆపింది. పెన్సిల్వేనియా 1895లోనే వేట వ్యవహారాలు చూసే గేమ్ కమిషన్ పెట్టుకుంది. ఆ కమిషన్ 1906 నుంచి బయటి రాష్ట్రాల జింకలను తెప్పించి అడవుల్లో వదిలింది. 1907లో కొమ్ముల్లేని జింకను కాల్చకూడదని చట్టం వచ్చింది.

ఆనాటి పరిస్థితికి అది సరైన చట్టం. మంద పెరగాలంటే ఈనే జంతువును కాపాడుకోవాలి. ఒక మగ జింక ఒక సీజన్‌లో పలు ఆడ జింకలతో జతకట్టగలదు కాబట్టి కొన్ని మగవాటిని తీసినా ఈతలు తగ్గవు. వేటగాళ్లు కష్టమైనా ఓపిక పట్టారు, ఆడ జింక కనబడితే తుపాకి దించేశారు, కొడుకులకూ అదే నేర్పారు. నరికిన అడవుల్లో లేత మొక్కలు విపరీతంగా మొలవడంతో మేతకు కొదవ లేకుండా పోయింది. తోడేళ్లు, పెద్ద పిల్లులు అప్పటికే తూర్పు రాష్ట్రాల్లో లేవు. జింకలు ఇరవై ఏళ్లలోనే లెక్కకు మించి పెరిగాయి.

చిక్కంతా ఇక్కడే మొదలైంది. మంద కోలుకునే దాకా అని పెట్టుకున్న నియమం, రెండు తరాలు గడిచేసరికి నీతి అయి కూర్చుంది. మంచి వేటగాడు ఆడ జింకను కాల్చడు అన్న మాట తాతల నుంచి వచ్చింది. దాన్ని మార్చమని అడగడం తాతలను తప్పుపట్టినట్టే అనిపించింది. పెన్సిల్వేనియా గేమ్ కమిషన్ 1920లలోనే ప్రమాదం పసిగట్టింది. 1923లో కొన్నిచోట్ల ఆడ జింకల వేటకు అనుమతి ఇచ్చింది. 1928లో మరో అడుగు ముందుకేసి, మగ జింకల వేట సీజన్‌ను పూర్తిగా మూసేసి కొమ్ముల్లేనివాటినే వేటాడమంది. జనం మండిపడ్డారు. ఆ కోపం తర్వాతి డెబ్బై ఏళ్లూ చల్లారలేదు.

ఈ కోపాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు లెక్క ఒకటి చూడాలి. ఒక అడవిలో ఎదిగిన మగవి 100, ఆడవి 100 ఉన్నాయనుకుందాం. ఒక్కో ఆడ జింక వేసవిలో ఈనిన పిల్లల్లో శరదృతువు దాకా సగటున ఒక్కటి బతుకుతుందనుకుందాం. వేట తప్ప వేరే చావులు లేవనుకుందాం. వేటగాళ్లు 60 మగవాటిని తీసుకెళ్లారు. మిగిలిన 100 ఆడవీ 100 పిల్లల్ని ఈనుతాయి. వచ్చే ఏడు మందలో 240 జింకలు ఉంటాయి. పిల్లల్లో సగం మగవి, సగం ఆడవి కాబట్టి ఇప్పుడు ఆడవి 150. మళ్లీ 60 మగవాటిని తీస్తే ఆ పై ఏడుకు మంద 330 అవుతుంది. రెండేళ్లలో 120 జింకలు చచ్చిపోయాయి, మంద మాత్రం 200 నుంచి 330కి పెరిగింది. అదే మొదటి ఏడు 30 మగవి, 30 ఆడవి తీస్తే వచ్చే ఏడుకు 210 ఉంటాయి, అంటే మంద దాదాపు ఉన్నచోటే ఉంటుంది. 60 ఆడవాటినే తీస్తే 180కి దిగుతుంది.

నిజం అడవిలో చలికి చచ్చేవి, కార్ల కింద పడేవి, తోడేలును పోలిన కయోటీలు తినేవి ఉంటాయి కాబట్టి అంకెలు ఇంత శుభ్రంగా రావు. అయినా దిక్కు మాత్రం ఇదే. మందలో ఎన్ని జింకలుండాలో తేల్చేది ఆడ జింక. మందలో మగవాటి వయసు ఎంతుండాలో తేల్చేది మగ జింకల వేట. ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. ఈ తగవులో సగం గందరగోళం ఆ రెంటినీ ఒకే ప్రశ్నగా చూడటం వల్ల వచ్చింది. మగ జింకలను ఎన్ని కాల్చినా మంద తగ్గదు. ఆడ జింకలను ఎన్ని వదిలేసినా పెద్ద కొమ్ములున్న మగ జింకలు పెరగవు, ఎందుకంటే వాటిని ఏడాదిన్నర వయసులోనే కాల్చేస్తున్నారు.

ఆడవి ఎక్కువైతే ఏమవుతుందన్నది అడవిని చూస్తే తెలుస్తుంది. జింక గడ్డి మీదే బతికే జంతువు కాదు. చలికాలంలో దాని తిండి లేత కొమ్మలు, మొగ్గలు, మొలకలు. మంద పెద్దదైతే ఓక్, మేపుల్, హెమ్‌లాక్ మొలకలు మోకాలెత్తుకు రాకుండానే అయిపోతాయి. ట్రిలియం లాంటి అడవి పూలమొక్కలు కనబడకుండా పోతాయి. జింక ముట్టని ఫెర్న్ మొక్క నేలంతా పరుచుకుని కొత్త మొలకలకు వెలుతురు లేకుండా చేస్తుంది. పైన పెద్ద చెట్లు పచ్చగానే ఉంటాయి కాబట్టి దారిన పోయేవాళ్లకు అడవి బాగున్నట్టే కనబడుతుంది. కింద మాత్రం వారసత్వం లేదు. పెద్ద చెట్టు పడిపోయిన రోజున దాని చోట లేచే చెట్టు ఉండదు.

దీన్ని కళ్లారా చూపించిన ప్రయోగం పెన్సిల్వేనియా వాయవ్య భాగంలో, అలెగెనీ పీఠభూమి మీద జరిగింది. అటవీ శాస్త్రవేత్తలు పెద్ద కంచెలు కట్టి లోపల చదరపు మైలుకు 10, 20, 38, 64 జింకల లెక్కన పదేళ్ల పాటు ఉంచారు. 20 దాటినచోట మొలకల రకాలు తగ్గిపోయాయి, ఎత్తు పెరగలేదు, ఫెర్న్ పెరిగింది. పొదల్లో గూళ్లు కట్టే పక్షులు కూడా జింకలు ఎక్కువైనచోట తగ్గాయని అక్కడే జరిగిన పరిశీలనలో తేలింది. జింకల సంఖ్య మీద జరిగే వాదనల్లో ఇంత గట్టి సాక్ష్యం అరుదు. కళ్లకు కనబడే జింకల గుంపును ప్రేమించడం సులువు. ఆ గుంపు తినేసిన, ఇక ఎప్పటికీ కనబడని మొక్కను ఎవరూ గుర్తు పెట్టుకోరు. ఆడ జింకల మీద దయతో జరిగిన నష్టం ఇదే, ఇది నిజంగా బాధపడాల్సిన నష్టం.

జింకలకూ మేలు జరగలేదు. మేత చాలని మందలో పిల్లలు బక్కచిక్కి ఉంటాయి, ఏడాదిన్నర మగవాటికి పుల్లల్లాంటి కొమ్ములే వస్తాయి, గట్టి చలికాలం వచ్చినప్పుడు పడి చచ్చిపోతాయి. కొమ్ముల పెరుగుదల వయసు, తిండి, వంశం అనే మూడింటి మీద ఆధారపడుతుంది. వంశాన్ని వేటగాడు మార్చలేడు. తిండిని మార్చాలంటే తినే నోళ్లు తగ్గాలి. పెద్ద కొమ్ముల జింక కావాలని కలలు కనే వేటగాడు ఆడ జింకను కాల్చడానికి ఒప్పుకోకపోతే, తనకు కావలసినదాన్ని తనే దూరం చేసుకుంటున్నాడు.

ఇంకో సంగతి ఉంది. ఉత్తర రాష్ట్రాల్లో తెల్లతోక జింకలు ఎదకు వచ్చేది ముఖ్యంగా నవంబరు నడుమ. చూలు సుమారు 200 రోజులు కాబట్టి మే చివర, జూన్ మొదట్లో ఈనుతాయి. బాగా తిన్న ఎదిగిన ఆడ జింక సాధారణంగా ఒక ఈతలో రెండు పిల్లలు పెడుతుంది. మగవి మరీ తక్కువై, ఆడవి మరీ ఎక్కువైనప్పుడు కొన్ని ఆడవి మొదటి ఎదలో జతకట్టక సుమారు నాలుగు వారాల తర్వాత మళ్లీ ఎదకు వస్తాయి. వాటి పిల్లలు ఆలస్యంగా పుట్టి, మంచు పడే వేళకు చిన్నగానే ఉండి, చలికి ముందుగా బలయ్యేవి అవే అవుతాయి. అయితే ఒక మగదానికి పది పన్నెండు ఆడవి ఉన్నాయని వేటగాళ్లు చెప్పే లెక్కను కొంచెం తగ్గించుకునే వినాలి. ఏటా పుట్టే పిల్లల్లో ఇంచుమించు సగం మగవే కాబట్టి వేట మొదలయ్యే నాటికి ఆ తేడా అంత దూరం పోవడం కష్టం. మగవి జాగ్రత్తగా, ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి. పగలు కనబడేవాటిని లెక్కపెడితే ఆడవే ఎక్కువ తేలతాయి.

ఈ నేపథ్యంలో పెన్సిల్వేనియాలో గ్యారీ ఆల్ట్ కథ చెప్పుకోవాలి. అంతకుముందు ఎలుగుబంట్ల మీద పరిశోధనతో రాష్ట్రమంతా అభిమానం సంపాదించిన శాస్త్రవేత్త ఆయన. జింకల విభాగం చేతికి వచ్చాక ఊరూరా సభలు పెట్టి వేల మందికి అడవి ఫొటోలు చూపించాడు, లెక్క వివరించాడు. 2001 నుంచి మగ, ఆడ జింకల తుపాకి సీజన్లను ఒకే రెండు వారాల్లో కలిపారు. అంతకుముందు మగ జింకల సీజన్ అయ్యాకే ఆడవాటికి కొద్ది రోజులు ఇచ్చేవాళ్లు. 2002లో కొమ్ముల నిబంధన తెచ్చారు. చాలా జిల్లాల్లో ఒక వైపు కొమ్ముకు కనీసం మూడు కొనలు, పశ్చిమాన కొన్నిచోట్ల నాలుగు కొనలు ఉంటేనే మగ జింకను కాల్చాలి. అంతకుముందు అక్కడ వేటలో పడే మగ జింకల్లో అత్యధిక భాగం ఏడాదిన్నర వయసువే. ఆ నిబంధనతో చిన్న మగవి బతికి, రెండున్నర మూడున్నర ఏళ్ల దాకా ఎదగడం మొదలైంది.

రెండు నిర్ణయాలూ ఒకే ప్రణాళికలో భాగాలు. జనం మాత్రం వాటిని ఒకేలా తీసుకోలేదు. కొమ్ముల నిబంధనను కొన్నేళ్లలో ఇష్టపడ్డారు, ఎందుకంటే దాని ఫలితం గోడకు తగిలించుకునేలా కనబడింది. ఆడ జింకల వేటను మాత్రం మంద నాశనమన్నారు. సీజన్ మొదటి రోజు ముప్పై నలభై జింకలు చూసే అలవాటున్నవాడికి నాలుగైదే కనబడితే, అడవి కోలుకుంటోందని చెప్పినా వినబుద్ధి కాదు. ఆ బాధ అబద్ధం కాదు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి సోమవారం సీజన్ మొదలయ్యేది, ఆ రోజు చాలా బడులకు సెలవు ఉండేది, తాతా తండ్రీ మనవడూ ఒకే గుడిసెలో దిగి వేటకు వెళ్లేవాళ్లు. రోజంతా చలిలో కూర్చుని ఒక్క జింకనూ చూడని పదేళ్ల పిల్లాడు మళ్లీ రాడేమోనన్న భయం ఆ పెద్దవాళ్లది. బెదిరింపులు, దూషణలు పెరిగాయి. ఆల్ట్ 2004 చివర్లో ఉద్యోగం వదిలేశాడు. ఆయన పెట్టిన పద్ధతిని తర్వాత కొంత సడలించారు గానీ, వెనక్కి 1907కు వెళ్లలేదు.

విస్కాన్సిన్‌ది ఇంకా పాత గాయం. ప్రఖ్యాత పర్యావరణవేత్త ఆల్డో లియోపోల్డ్ 1943లో ఆ రాష్ట్ర పరిరక్షణ కమిషన్ సభ్యుడయ్యాడు. అంతకు చాలా ముందే, అరిజోనాలోని కైబాబ్ పీఠభూమి మీద వేట నిలిపేసి, పులిలాంటి జంతువులను ఏరేసిన తర్వాత 1920లలో జింకలు మేత లేక వేలల్లో చచ్చిన ఉదంతం ఆయన మనసులో నాటుకుంది. ఆ జింకలు ఎన్ని, కారణాలు ఏవి అన్నదాని మీద తర్వాతి శాస్త్రవేత్తలు అభ్యంతరాలు చెప్పారు, అవి సబబైనవే. కానీ విస్కాన్సిన్ ఉత్తరాన చలికాలంలో జింకలు ఆకలికి చావడం లియోపోల్డ్ స్వయంగా ఎరిగినదే. 1943లో కొమ్ముల జింకలకు కొన్ని రోజులు, ఆడ జింకలకు, పిల్లలకు వెంటనే కొన్ని రోజులు సీజన్ ఇచ్చారు. దాదాపు 1,28,000 జింకలు పడ్డాయి. దాన్ని జనం నేరమని పిలిచారు, లియోపోల్డ్‌ను పేరు పెట్టి తిట్టే పత్రికే పుట్టింది.

అదే రాష్ట్రం 1996లో ఇంకో ప్రయోగం చేసింది. జింకలు మరీ ఎక్కువైన ప్రాంతాల్లో ముందు కొమ్ముల్లేని జింకను కాల్చి చూపిస్తేనే మగ జింకకు అర్హత వస్తుందన్నారు. మందను తగ్గించడంలో దీనంత బాగా పనిచేసిన పద్ధతి లేదు. ఎందుకంటే ఆడ జింకల పర్మిట్లు ఎన్ని ఇచ్చినా కాల్చేవాళ్లు తక్కువ, మగ జింక మీద ఆశ మాత్రం అందరికీ ఉంటుంది. దీనంతగా జనం అసహ్యించుకున్న పద్ధతీ లేదు. ఏడాదంతా ఎదురుచూసిన పెద్ద మగ జింక ముప్పై గజాల్లో నిలబడితే, ఇంకా ఆడ జింకను కాల్చలేదు కాబట్టి చేతులు కట్టుకుని చూడాలి. 2011లో చట్టసభ ఆ నిబంధనను రద్దు చేసింది. న్యూజెర్సీలో కొన్ని మండలాల్లో మాత్రం అలాంటి నియమం కొనసాగుతూ వచ్చింది.

ఇంతవరకూ చదివినవాళ్లకు ఆడ జింకను ఎప్పుడూ కాల్చాలనే అనిపించవచ్చు. అది కూడా పొరపాటే, పైగా కొన్నిచోట్ల ఖరీదైన పొరపాటు. పైన చెప్పిన లెక్కలో ఒక్కో ఆడదానికి ఒక పిల్ల బతుకుతుందన్న ఊహ మీదే అంతా నిలబడి ఉంది. ఆ ఊహ తప్పితే లెక్కంతా తారుమారు. దక్షిణ కరొలినాలోని సవానా రివర్ సైట్‌లో జింకపిల్లలకు రేడియో కాలర్లు కట్టి గమనిస్తే, శరదృతువు దాకా బతికినవి నాలుగింట ఒక వంతు కూడా లేవు. చచ్చినవాటిలో ఎక్కువ భాగాన్ని కయోటీలే తిన్నాయి. ఈ జంతువు ఇరవయ్యో శతాబ్దం చివరి భాగంలోనే ఆ ప్రాంతానికి పాకింది. అంతకుముందు దశాబ్దాల్లో అక్కడ ఆడ జింకలను ధారాళంగా వేటాడినా మంద తట్టుకుంది. పిల్లలే మిగలనప్పుడు అదే వేట మందను కుంగదీస్తుంది. అలాంటిచోట ఆడ జింకను వదిలేయడమే తెలివైన పని.

ఉత్తరాన చలిదీ అదే కథ. విస్కాన్సిన్‌లో చలికాలం ఎంత కఠినంగా ఉందో లెక్కించడానికి సులువైన సూచిక వాడతారు. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా, నేల మీద 18 అంగుళాల మంచు ఉన్న ప్రతి రోజుకూ ఒక పాయింటు, ఉష్ణోగ్రత సున్నా ఫారన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో మైనస్ 18 డిగ్రీలకు పడిన ప్రతి రోజుకూ ఒక పాయింటు. 2013–14 చలికాలం ఉత్తర భాగంలో దారుణంగా నడిచింది. దాంతో 2014లో అక్కడి చాలా కౌంటీల్లో మగ జింకలకే సీజన్ ఇచ్చారు. అదే ఏడాది అదే రాష్ట్రపు దక్షిణాన, మొక్కజొన్న చేల మధ్య బలిసిన మందల్లో ఆడ జింకల పర్మిట్లు పుష్కలంగా ఇచ్చారు. రెండూ సరైన నిర్ణయాలే. మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో కొన్ని ఎండాకాలాల్లో చిన్న ఈగల ద్వారా రక్తస్రావ జ్వరం పాకి జింకలు వాగుల పక్కన కుప్పలుగా చస్తాయి. 2012లో అది విపరీతంగా వచ్చింది. ఆ తర్వాతి ఏడు ఆ ఊళ్లలో ఆడ జింకను కాల్చే ముందు ఆలోచించాల్సిందే.

కాబట్టి వేటగాడు అడగాల్సినది తన నేల గురించి. అక్టోబరులో ఆడ జింకల వెంట ఎన్ని పిల్లలు తిరుగుతున్నాయి? రెండేసి పిల్లలతో తల్లులు తరచూ కనబడుతుంటే మంద బలంగా ఉన్నట్టు. తల్లులు ఒంటరిగా తిరుగుతుంటే పిల్లల్ని ఏదో తినేస్తోంది. పొదలు చూడాలి. జింక నోటికి అందే ఎత్తు దాకా ఆకు లేకుండా, ఆ పైన పచ్చగా అడ్డగీత గీసినట్టు కనబడితే తినే నోళ్లు ఎక్కువైనట్టే. ఏడాదిన్నర జింకల బరువు ఏటికేడాది తగ్గుతోందా అని చూడాలి. చంపిన జింక దవడ విప్పితే వయసు తెలుస్తుంది. కింది దవడ పక్క పళ్లలో ముందు నుంచి మూడోది మూడు భాగాలుగా ఉంటే అది పాలపన్ను, జింకకు ఇంకా ఏడాదిన్నర దాటలేదు. రెండు భాగాలుగా ఉంటే అంతకంటే పెద్దది. ఇవన్నీ మూడు నాలుగేళ్లు రాసిపెట్టుకున్న వేట బృందానికి ఏ అధికారి చెప్పకపోయినా తమ నేల సంగతి తెలిసిపోతుంది. ఒక్క సీజన్ చూసి తేల్చేయడం మాత్రం మంచిది కాదు. ఆ ఏడు ఓక్ చెట్లు బాగా కాస్తే జింకలు అడవి లోపలే ఉండిపోయి పొలాల గట్ల మీద కనబడవు, లేనట్టే అనిపిస్తుంది.

ఆడ జింకను కాల్చాలని తేలాక ఎప్పుడు, ఏదాన్ని అన్నది కూడా ముఖ్యమే. సీజన్ మొదట్లో కాలిస్తే మేత మిగులుతుంది, ఎద కాలంలో మగవాటి మీద భారం తగ్గుతుంది. పిల్ల తల్లిని చంపితే పిల్ల గతేమిటన్నది చాలామందిని వేధించే ప్రశ్న, వేధించాల్సిన ప్రశ్న కూడా. వేసవి మొదట్లో పుట్టిన పిల్ల రెండున్నర మూడు నెలలకు పాలు లేకుండా బతకగలదు. అక్టోబరు చివరకు అది తనంతట తాను మేస్తుంది. వర్జీనియాలో జరిగిన పరిశోధనలో తల్లి పోయిన మగపిల్లలు తల్లి ఉన్నవాటికంటే ఎక్కువగా పుట్టినచోటే ఉండిపోయాయని తేలింది. మామూలుగా ఏడాది వయసులో తల్లే వాటిని తరిమేస్తుంది, కొత్తచోటికి పోతూ చాలా చస్తాయి. ఆలస్యంగా, ఆగస్టులో పుట్టిన పిల్ల విషయంలో ఈ భరోసా లేదు. మచ్చలు పోని పిల్ల వెంట ఉంటే ఆ తల్లిని వదిలేయాలి.

ఒంటరిగా వచ్చిన కొమ్ముల్లేని జింకను తొందరపడి కాల్చకూడదు. అది తరచూ ఆరు నెలల మగపిల్ల అవుతుంది. దాని తల మీద కొమ్ములు గుండీల్లా చర్మం కిందే ఉంటాయి, దూరం నుంచి కనబడవు. పెద్ద కొమ్ములు కావాలని ఆడ జింకను కాల్చబోయి రేపటి మగ జింకను చంపినట్టవుతుంది. రెండు మూడు జింకలు కలిసి వచ్చేదాకా ఆగితే పోల్చి చూసుకోవచ్చు. మొహం పొడుగ్గా, ఒళ్లు నిడుపుగా ఉన్నది ఎదిగిన ఆడది. జనవరి సీజన్లలో ఇంకో చిక్కు ఉంది, అప్పటికి కొన్ని పెద్ద మగవాటి కొమ్ములు రాలిపోయి ఆడవాటిలాగే కనబడతాయి.

వేట ఇష్టంలేనివాళ్లు చెప్పే దారుల్లో ఒకటి ఈ లెక్కకు మంచి పరీక్ష పెట్టింది. న్యూయార్క్ నగరంలో భాగమైన స్టేటెన్ ఐలాండ్‌లో దాదాపు రెండు వేల జింకలు చేరాయి. అక్కడ వేటకు వీల్లేదు. 2016 నుంచి నగరం మగ జింకలను మత్తుసూదితో పట్టి వేసెక్టమీ చేయించడం మొదలుపెట్టింది. మగవాటి మీద పనిచేసి సంఖ్య తగ్గించాలంటే దాదాపు అన్నిటినీ పట్టాలి. వంద మగవాటిలో పది మిగిలినా అవే చాలా ఆడవాటిని చూలు చేయగలవు. అక్కడ నూటికి 90కి పైగా మగవాటిని పట్టగలిగారు, అది దీవి కాబట్టి బయటి నుంచి వచ్చేవి కూడా తక్కువ. పుట్టే పిల్లలు బాగా తగ్గారు, మంద మాత్రం మెల్లగానే తగ్గింది, ఎందుకంటే ఉన్నవి చావాలి కదా. డబ్బు లక్షల డాలర్లలో ఖర్చయింది. నగరానికి ఇది తగిన దారి కావచ్చు. వేల చదరపు మైళ్ల అడవిలో ఇది జరగని పని.

మగ జింకల వైపు నుంచి కూడా కొత్త ప్రశ్న ఒకటి వచ్చింది. మెదడును తొలిచే క్రానిక్ వేస్టింగ్ జబ్బును 1967లో కొలరాడోలో మొదట గుర్తించారు, 2002లో అది విస్కాన్సిన్‌లో బయటపడింది. దానికి మందు లేదు, సోకిన జింక బతకదు. ఎదిగిన మగవాటిలో అది ఆడవాటికంటే దాదాపు రెట్టింపు కనబడుతుంది. చిన్న మగవాటిని వదిలి పెద్దవి కానివ్వాలన్న కొమ్ముల నిబంధన ఆ జబ్బున్న ప్రాంతాల్లో ఎదురుతిరుగుతుంది. అందుకే జబ్బు బయటపడిన కొన్నిచోట్ల ఆ నిబంధనను ఎత్తేశారు.

దేశం మొత్తం మీద చూస్తే వేటగాళ్ల మనసు మారిందనే చెప్పాలి. 1999లో మొదటిసారి అమెరికాలో వేటలో పడిన కొమ్ముల్లేని జింకలు కొమ్ములున్నవాటిని మించాయి. 1989లో పడిన కొమ్ముల జింకల్లో 62 శాతం ఏడాదిన్నరవి అయితే, ఇప్పుడవి మూడో వంతు కంటే తక్కువ. పోరు ఇప్పుడు ఇంకోచోటికి జరిగింది. పెన్సిల్వేనియాలో 1980ల మొదట్లో 12 లక్షలకు పైగా వేట లైసెన్సులు ఉండేవి, ఇప్పుడు 9 లక్షల చుట్టూ ఉన్నాయి. ఉన్నవాళ్లు పెద్దవాళ్లవుతున్నారు. ఒక వేటగాడి ఇంటికి ఏడాదికి ఒకటి రెండు జింకల మాంసం సరిపోతుంది, అడవి జింక మాంసం అమ్మడం చట్టవిరుద్ధం. మూడోదాన్ని ఎందుకు కాల్చాలన్న ప్రశ్నకు కొంత జవాబుగా 1991 నుంచి అక్కడ హంటర్స్ షేరింగ్ ద హార్వెస్ట్ అనే కార్యక్రమం నడుస్తోంది. వేటగాడు ఇచ్చిన జింకను కసాయి కొట్టు కోసి పెడితే, ఆ మాంసం పేదలకు తిండి పెట్టే సంస్థలకు వెళ్తుంది. ఏళ్లుగా గులాబీ రంగు కవర్లలో కౌంటీ ట్రెజరర్‌కు పోస్టు చేసి తెచ్చుకోవాల్సిన ఆడ జింక లైసెన్సును 2023 నుంచి ఆన్‌లైన్‌లోనూ, ఇతర లైసెన్సులు అమ్మే దుకాణాల్లోనూ ఇస్తున్నారు. 2019లో సీజన్ మొదటి రోజును సోమవారం నుంచి శనివారానికి మార్చారు, ఆ మరుసటి ఏడు నుంచి కొన్ని ఆదివారాలు వేటకు తెరిచారు. ఉద్యోగం చేసుకునేవాళ్లు, కాలేజీ పిల్లలు రాగలిగితేనే ఆడ జింకల లైసెన్సులు కాగితం మీద నుంచి అడవికి చేరతాయని గేమ్ కమిషన్ లెక్క.